వైరస్ క్యాన్సర్లు, హెచ్‌ఐవీ: సామాజిక కారణాలు ఏ మెట్టు దగ్గర పనిచేస్తాయి, సర్వేలో వాటిని ఎలా అడగాలి

మీరు రెండు విషయాలు అడిగారు. వైరస్‌ల వల్ల వచ్చే క్యాన్సర్లకూ హెచ్‌ఐవీకీ పేదరికం, చదువు లేకపోవడం కారణాలని రాయొచ్చా అన్నది ఒకటి. సర్వే పత్రంలో వాటిని ఎలా అడగాలన్నది రెండోది. మీ ముసాయిదాలో ఆదాయం, చదువు, లైంగిక భాగస్వాముల సంఖ్య అని మూడు గళ్లు పెట్టారు. ఆ మూడింటితోనే సర్వే చేస్తే పట్టికలు నిండుతాయి గానీ, ఎక్కడ పని మొదలుపెట్టాలో మాత్రం తేలదు.

వైరస్ ఒంట్లోకి రావడానికీ, క్యాన్సర్‌తో ఒక మనిషి చనిపోవడానికీ మధ్య నాలుగు మెట్లున్నాయి. వైరస్ సోకడం మొదటిది. అది ఒంట్లో తిష్ఠ వేయడం రెండోది. ఏళ్ల తరబడి కణాలను పాడుచేస్తూ క్యాన్సర్‌గా ముదరడం మూడోది. సకాలంలో కనిపెట్టి చికిత్స చేయగలగడమో, చేయలేకపోవడమో నాలుగోది. పేదరికం అన్ని మెట్ల దగ్గరా ఒకే తీరుగా పనిచేయదు. ఒక వైరస్‌కు మొదటి మెట్టు దగ్గర, మరో వైరస్‌కు నాలుగో మెట్టు దగ్గర దాని బలం కనిపిస్తుంది. కొన్నిచోట్ల డబ్బున్నవాళ్లకే ముందు సోకిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే "పేదరికం కారణం" అని ఒక్క వాక్యంలో రాస్తే అది తప్పు కాకపోయినా ఎందుకూ పనికిరాదు. ఏ వైరస్, ఏ మెట్టు, ఏ అడ్డంకి అన్న మూడూ చెప్పాలి.

క్యాన్సర్‌తో సంబంధం రుజువైన వైరస్‌లలో ముఖ్యమైనవి హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్ (గర్భాశయ ముఖద్వారం, మలద్వారం, గొంతు క్యాన్సర్లు), హెపటైటిస్-బి, సి (కాలేయం), ఎప్‌స్టైన్-బార్ వైరస్ (లింఫోమాలు అనే శోషరస వ్యవస్థ క్యాన్సర్లలో కొన్ని రకాలు, ముక్కు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్), హెచ్‌హెచ్‌వీ-8 (ఎక్కువగా చర్మం మీద కనిపించే కపోసి సార్కోమా అనే క్యాన్సర్), హెచ్‌టీఎల్‌వీ-1 (ఒక రకం రక్త క్యాన్సర్). హెచ్‌ఐవీ ముఖ్యంగా చేసేది రోగనిరోధక శక్తిని పడగొట్టి మిగతా వైరస్‌లకు తలుపు తీయడం. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చే ముప్పు లేనివాళ్లకంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువ. హెచ్‌పీవీ ఈ క్యాన్సర్‌కు కారణమని చూపిన హరాల్డ్ జుర్ హౌసెన్‌కూ, హెచ్‌ఐవీని కనుగొన్న ఫ్రాన్స్వాజ్ బారె-సినూసి, లూక్ మోంటాన్యేలకూ 2008లో ఒకే నోబెల్ బహుమతిని పంచారు. క్షేత్రంలో కూడా ఈ రెండింటినీ కలిపే చూడాలి. విడివిడి విభాగాలు, విడివిడి రిజిస్టర్లు పెట్టుకోవడం వల్ల ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందులకు నెలనెలా వచ్చే స్త్రీకి ముఖద్వార పరీక్ష ఒక్కసారి కూడా జరగని పరిస్థితి వస్తుంది.

హెచ్‌పీవీతో మొదలుపెడతాను. మీ ముసాయిదా ఎక్కువగా తప్పుదారి పట్టింది ఇక్కడే. లైంగిక జీవితం మొదలైన వాళ్లలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు హెచ్‌పీవీ సోకుతుంది. అందులో అత్యధికం ఒకటి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం ఆ వైరస్, ముఖ్యంగా 16, 18 అనే నంబర్ల రకాలు, ఒంట్లో నిలిచిపోతుంది. ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఈ రెండు రకాలే కారణం. నిలిచిపోయిన వైరస్ క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. చికిత్స లేని హెచ్‌ఐవీ ఉంటే అది 5 నుంచి 10 ఏళ్లకే జరగవచ్చు. అంటే మొదటి మెట్టు దాదాపు అందరూ ఎక్కేదే. ఒక్కరే భాగస్వామి ఉన్న స్త్రీకీ భర్త ద్వారా సోకుతుంది. తేడా అంతా ఆ తర్వాతి పదిహేనేళ్లలో ఆమెకు ఒక్కసారైనా పరీక్ష జరిగిందా అన్నచోట ఉంది. 2022లో ప్రపంచంలో సుమారు 6 లక్షల 60 వేల మందికి ఈ క్యాన్సర్ వచ్చింది, 3 లక్షల 50 వేల మంది చనిపోయారు. ఆ మరణాల్లో 94 శాతం తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లోనే జరిగాయి.

ఈ సంగతి తెలియకుండా సర్వే మొదట్లోనే "మీకు ఎంతమంది భాగస్వాములు?" అని అడిగితే రెండు నష్టాలు. నిజం రాదు. పైగా ఈ క్యాన్సర్ "తిరిగేవాళ్లకు వచ్చే జబ్బు" అన్న అపోహ ఊరంతా పాకుతుంది. ఆ తర్వాత పరీక్షకు రమ్మంటే వచ్చేవాళ్లు తగ్గిపోతారు. మీ సర్వే వల్లే ముప్పు పెరిగినట్టవుతుంది.

అడగాల్సింది పరీక్షకు అడ్డుపడేవాటి గురించి. పరీక్షా కేంద్రానికి వెళ్లి రావడానికి ఎన్ని గంటలు పడుతుంది, ఆ రోజు కూలి పోతుందా, పిల్లల్ని ఎవరు చూసుకుంటారు, వెళ్లడానికి ఇంట్లో ఎవరి అనుమతి కావాలి, పరీక్ష చేసేది స్త్రీయా పురుషుడా. వీటన్నిటికంటే ఎక్కువమంది జారిపోయే చోటు మరొకటుంది: ఫలితం వచ్చేది ఎన్నాళ్లకి, అది ఆమెకు చేరేది ఎలా అన్నది. ఫలితం వారాల తర్వాత వస్తే, ఫోన్ ఇంకొకరి చేతిలో ఉంటే, పని కోసం ఆమె ఊరు మారిపోయి ఉంటే, పాజిటివ్ వచ్చిన స్త్రీ చికిత్సకు చేరదు. రిజిస్టర్లో మాత్రం "పరీక్ష జరిగింది" అనే ఉంటుంది. కాబట్టి "పరీక్ష చేయించుకున్నారా" అని ఒక్క ప్రశ్నతో ఆపకండి. పరీక్ష జరిగిందా, ఫలితం తెలిసిందా, పాజిటివ్ అయితే చికిత్స జరిగిందా అని మూడుగా విడగొట్టండి.

పరీక్షల మధ్య తేడా కూడా తెలిసి ఉండాలి. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం పూసి ఒక నిమిషం ఆగి కంటితో చూసే పద్ధతి చవక, ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. కానీ అది చూసేవాళ్ల నైపుణ్యం మీద ఆధారపడుతుంది. నెలసరి ఆగిపోయిన స్త్రీలలో కణాలు మారే చోటు లోపలికి జరిగిపోతుంది కాబట్టి వాళ్లకు అది నమ్మదగింది కాదు. హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష మరింత కచ్చితం. నమూనాను స్త్రీ తానే తీసుకోవచ్చు. సిగ్గు, భయం, పురుష వైద్యుడు అనే అడ్డంకులు దీనితో చాలావరకు తొలగుతాయి. మామూలుగా 30 ఏళ్ల నుంచి, 5 నుంచి 10 ఏళ్లకొకసారి చేస్తే చాలు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు 25 ఏళ్ల నుంచి, 3 నుంచి 5 ఏళ్లకొకసారి చేయాలి.

హెచ్‌పీవీ టీకా దగ్గర అసమానత ఇంకో రూపంలో వస్తుంది. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు బడిలో వేయడం అన్నిటికంటే సులువైన పద్ధతి. ఆఫ్రికా దేశమైన రువాండా 2011లో బడుల ద్వారానే మొదలుపెట్టి 90 శాతానికి పైగా పిల్లలకు వేయగలిగింది. కానీ బడి మానేసిన పిల్ల ఆ జాబితాలో ఉండదు. పెద్దయ్యాక పరీక్షకు రాలేకపోయేది చాలావరకు ఆ పిల్లే, హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువగా ఉండేదీ ఆ పిల్లకే. బడి బయటి పిల్లల్ని వెతికి వేయించే ఏర్పాటు లేకపోతే, టీకా సగటు లెక్క పెరుగుతుంది గానీ ధనిక-పేద తేడా తగ్గదు. ఒక్క డోసు కూడా చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పడం ఈ పిల్లల విషయంలో పెద్ద వెసులుబాటు. హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకు మాత్రం కనీసం రెండు, వీలైతే మూడు డోసులు కావాలి.

హెపటైటిస్-బి కథ పూర్తిగా వేరు. ఇక్కడ అంతా రెండో మెట్టు దగ్గరే తేలిపోతుంది. పుట్టినప్పుడో మొదటి ఏడాదిలోనో సోకితే దాదాపు 90 శాతం మందిలో వైరస్ జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే 5 శాతం లోపే. కాబట్టి నలభై ఏళ్ల మనిషికి వచ్చిన కాలేయ క్యాన్సర్ మూలం చాలాసార్లు అతను పుట్టిన రోజునే ఉంటుంది. ఇప్పుడు అతని ఆదాయం అడిగి లాభం లేదు. అతని తల్లికి గర్భంతో ఉన్నప్పుడు పరీక్ష జరిగిందా, కాన్పు ఎక్కడ జరిగింది, బిడ్డకు 24 గంటల్లో టీకా పడిందా అన్నవే అసలు ప్రశ్నలు. ఇంట్లో జరిగిన కాన్పు, రాత్రిపూట కాన్పు, సెలవురోజు కాన్పు అయితే మొదటి డోసు తప్పిపోతుంది. సీసా తెరిస్తే మిగతా డోసులు వృథా అవుతాయని, ఇంకో బిడ్డ పుట్టేదాకా ఆగే సిబ్బంది కూడా ఉంటారు. ఇది తల్లి చదువుకు సంబంధించిన లోపం కాదు, ఏర్పాటులో లోపం. ఇంకో సూక్ష్మం: ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడికంటే గడ్డకట్టడమే దీనికి పెద్ద శత్రువు. ఒకసారి గడ్డకట్టిన టీకా చూడ్డానికి మామూలుగానే ఉన్నా పనిచేయదు. మారుమూల కేంద్రాల్లో ఐస్ ప్యాకులకు ఆనించి పెట్టడం వల్ల కార్డులో టీకా పడినట్టు ఉండి, బిడ్డకు రక్షణ లేకుండా పోయే ప్రమాదం ఉంది.

తైవాన్ 1984లో అప్పుడే పుట్టిన పిల్లలకు ఈ టీకా వేయడం మొదలుపెట్టింది. ఆ తర్వాతి ఏళ్లలో 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ సగానికి పడిపోయింది. ఒక టీకాతో క్యాన్సర్ తగ్గుతుందని కళ్లకు కట్టిన మొదటి రుజువు అదే.

కాలేయం విషయంలో మూడో మెట్టునూ వదలకండి. తేమలో నిల్వ ఉన్న వేరుశనగ, మొక్కజొన్నలకు పట్టే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది. హెపటైటిస్-బి, అఫ్లాటాక్సిన్ రెండూ ఒకరిలో కలిస్తే ముప్పు కూడికలా కాక గుణకారంలా పెరుగుతుంది. ఆరబెట్టే చోటు, మంచి గోదాము లేని రైతు కుటుంబం అమ్ముడుపోని బూజు గింజను తానే తింటుంది. "ఆదాయం" అన్న గడి ఇలాంటిదాన్ని పట్టుకోలేదు. గింజ ఎలా ఆరబెడతారు, ఎక్కడ దాస్తారు, బూజు పట్టినదాన్ని ఏం చేస్తారు అన్న మూడు ప్రశ్నలు పట్టుకుంటాయి. మద్యం అలవాటు కూడా ఇదే మెట్టుకు చెందినది, దాన్ని వేరే గడిలో అడగండి.

హెపటైటిస్-సికి టీకా లేదు. ఈజిప్టు అనుభవం చదివినవాళ్లెవరూ "జాగ్రత్త లేని వ్యక్తులే కారణం" అని మళ్లీ రాయరు. అక్కడ నత్తల ద్వారా వ్యాపించే షిస్టోసోమియాసిస్ జబ్బు తగ్గించడానికి 1950ల నుంచి 1980ల దాకా ప్రభుత్వమే గ్రామాల్లో పెద్దయెత్తున ఇంజెక్షన్లు ఇచ్చింది. సరిగా శుద్ధి చేయని గాజు సిరంజిలు ఒకరి నుంచి ఒకరికి మారాయి. 2008 సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల వాళ్లలో 14.7 శాతం మందిలో ఈ వైరస్ సోకిన ఆనవాలు కనిపించింది. అదే దేశం 2018లో కోట్లమంది పెద్దవాళ్లకు పరీక్షలు చేసి, సాధారణంగా 12 వారాలు వాడే మందులను ఉచితంగా ఇచ్చింది. ఆ మందులతో 95 శాతానికి పైగా నయమవుతుంది. పరీక్షా మందూ ఉచితం కాగానే పేదరికం అనే "కారణం" చాలావరకు అడ్డు తొలగింది. మీ పత్రంలో ఇది పెట్టండి: గత 12 నెలల్లో ఎన్ని ఇంజెక్షన్లు, ఎవరు వేశారు, సూది ప్యాకెట్ మీ కళ్ల ముందు విప్పారా. మాత్రతో పోయే జ్వరానికి కూడా సూది వేయించుకునే అలవాటు ఉన్నచోట ఈ ప్రశ్న చాలా బయటపెడుతుంది.

ఇక హెచ్‌ఐవీ. పేదరికం గురించి తొందరపడి రాస్తే ఎక్కువగా తప్పేది ఇక్కడే. సహారాకు దక్షిణాన ఉన్న చాలా ఆఫ్రికా దేశాల సర్వేల్లో, పేద కుటుంబాలకంటే కాస్త కలిగిన కుటుంబాల్లోనే హెచ్‌ఐవీ ఎక్కువగా కనిపించింది. పట్నాల్లో ఉండటం, ప్రయాణాలు ఎక్కువ కావడం, మందులు అంది ఎక్కువకాలం బతకడం ఇందుకు కొన్ని కారణాలు. మూడో కారణాన్ని చాలామంది మర్చిపోతారు. సర్వేలో మీరు లెక్కించేది ఇప్పుడు వైరస్‌తో ఉన్నవాళ్లను. పేదవాళ్లు ముందే చనిపోతే వాళ్లు ఆ లెక్కలో ఉండరు. కొత్తగా సోకినవాళ్లు ఎవరో తెలియాలంటే వేరే రకం పరీక్షలైనా, అదే మనుషుల్ని కొన్నాళ్లపాటు అనుసరించే అధ్యయనమైనా కావాలి.

చదువు ప్రభావానికి మాత్రం గట్టి ఆధారం ఉంది. బోట్స్వానా 1996లో బడి తరగతుల అమరిక మార్చడంతో పిల్లలు ఎక్కువకాలం చదివారు. అలా అదనంగా చదివిన ఒక్కో ఏడాదికి హెచ్‌ఐవీ ముప్పు సుమారు 8 శాతం పాయింట్లు తగ్గిందని తేలింది, ఆడపిల్లల్లో ఆ మేలు మరింత ఎక్కువ. మలావీలోని జొంబాలో బడికి వెళ్తున్న అమ్మాయిల కుటుంబాలకు నగదు ఇచ్చి చూస్తే, 18 నెలల తర్వాత నగదు అందినవాళ్లలో హెచ్‌ఐవీ 1.2 శాతం, అందనివాళ్లలో 3 శాతం. దక్షిణాఫ్రికాలో ఇలాంటి ప్రయోగమే చేస్తే హెచ్‌ఐవీలో తేడా రాలేదు. అక్కడ నగదు అందని అమ్మాయిల్లో కూడా దాదాపు అందరూ అప్పటికే బడికి వెళ్తున్నారు. డబ్బు బడిలో కొత్తగా ఎవరినీ నిలబెట్టలేదు. ఒకచోట పనిచేసిన పథకాన్ని ఇంకోచోట దించే ముందు, అది ఏ అడ్డంకిని తీసిందో, ఆ అడ్డంకి మీ దగ్గర ఉందో లేదో చూసుకోవాలని ఈ రెండూ పక్కపక్కన పెడితే అర్థమవుతుంది.

పేదరికం హెచ్‌ఐవీకి దారి ఇచ్చే తోవలు ఇవి: పని కోసం వలస వెళ్లి నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండటం, వయసులో చాలా పెద్దవాడి మీద డబ్బుకు ఆధారపడటం, కండోమ్ అడిగితే దెబ్బలు తినాల్సి రావడం. అత్యాచారం జరిగితే హెచ్‌ఐవీ సోకకుండా 72 గంటల్లో మందు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ మూడు రోజుల్లో ఆసుపత్రికి చేరగలదా అన్నది దూరం, భయం, పోలీసు కాగితం ముందు కావాలనే పట్టుదల తేలుస్తాయి. ఇక మందులు మొదలుపెట్టాక ఆకలి పెద్ద శత్రువు. ఖాళీ కడుపున మందు పడదని మానేసేవాళ్లుంటారు. రోజూ మందు వాడి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) కనిపించని స్థాయికి దిగిన మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి వైరస్ సోకదు. కాబట్టి ఒక ఇంట్లో తిండికి లోటు ఇంకొకరి ముప్పు కూడా.

చట్టం, సిగ్గు, వెలి కూడా కొలవదగ్గ కారణాలే. కోల్‌కతాలోని సోనాగాచి రెడ్‌లైట్ ప్రాంతంలో 1992 నుంచి సెక్స్ వర్కర్లే ఒకరికొకరు అండగా నిలబడి, కండోమ్ లేకపోతే కుదరదని అందరూ కలిసి చెప్పే స్థితి తెచ్చుకున్నారు. ఒక్కతే చెబితే గిరాకీ పక్కింటికి పోతుంది, అందరూ చెబితే పోదు. ఆమెకు కండోమ్ గురించి తెలుసా అని అడిగే సర్వేకు ఇది అందదు. వద్దనగల స్థితి ఆమెకు ఉందా అని అడగాలి.

ఎప్‌స్టైన్-బార్ వైరస్ దాదాపు అందరికీ సోకేదే. ఆ వైరస్‌తో ముడిపడిన బుర్కిట్ లింఫోమా అనే క్యాన్సర్ మాత్రం మలేరియా విపరీతంగా ఉన్న ప్రాంతాల పిల్లల్లో ఎక్కువ. అక్కడ దోమతెర క్యాన్సర్‌కు సంబంధించిన విషయమే.

పత్రం తయారీకి వద్దాం. ఆదాయాన్ని అంకెగా అడగకండి. కూలి, పంట, అప్పు కలిసిన ఇళ్లలో ఎవరూ సరిగా చెప్పలేరు. ఇంటి పైకప్పు, నీటి వసతి, మరుగుదొడ్డి, వంటకు వాడే ఇంధనం, ఉన్న వస్తువులు అడిగి, వాటన్నిటినీ కలిపి ఒక కలిమి సూచీ (స్కోరు) కట్టి, దాని ప్రకారం ఇళ్లను ఐదు ఆర్థిక వర్గాలు చేయండి. "గత నెలలో డబ్బు లేక ఒక పూట మానేశారా" అని తిండి గురించి వేరుగా అడగండి. చదువును "అక్షరాస్యత ఉందా లేదా" అని కాక పూర్తిచేసిన ఏళ్లలో రాయండి. వలసను గత 12 నెలల్లో ఎన్ని నెలలు బయట ఉన్నారని అడగండి. భార్యను అడిగేటప్పుడు భర్త వలస నెలలూ అడగాలి, ఆమె ముప్పు ఎక్కువగా అందులోనే ఉంది.

కాలక్రమం మర్చిపోవద్దు. జబ్బు వచ్చాక ఉద్యోగం పోయి, వైద్యానికి పొలం అమ్మి పేదవాడైన మనిషిని చూసి "పేదరికం వల్ల జబ్బు" అని రాసే తప్పు చాలా సాధారణం. ప్రతి ఆస్తి ప్రశ్నకూ "జబ్బు తెలియకముందు" అన్న గడి ఇంకొకటి పెట్టండి.

విశ్లేషణలో ఇంకో తప్పు జరుగుతుంది. చదువు ప్రభావం చూడాలనుకుంటూ, కండోమ్ వాడకాన్ని, పరీక్ష చేయించుకోవడాన్ని కూడా అదే సమీకరణంలో సర్దుబాటు చేస్తారు, అంటే వాటి వల్ల వచ్చే తేడాను లెక్కలోంచి తీసేస్తారు. చదువు పనిచేసేదే వాటి ద్వారా. వాటి తేడాను తీసేస్తే చదువుకు ప్రభావం లేదన్న ఫలితం వస్తుంది. వయసు, ప్రాంతం లాంటివి సర్దుబాటు చేయండి, మధ్యలో వచ్చే మెట్లను చేయకండి.

ఎంతమందిని అడగాలో ముందే లెక్కవేసుకోండి. హెచ్‌ఐవీ 0.5 శాతం ఉన్నచోట 2,000 మందిని చూస్తే దొరికేది సుమారు 10 మంది. ఆ పదిమందిని ఐదు ఆర్థిక వర్గాలుగా విడగొట్టి ఏమీ చెప్పలేరు. అలాంటిచోట, జబ్బు ఉన్నవాళ్లను, లేనివాళ్లను వేరువేరుగా ఎంచుకుని పోల్చే అధ్యయనం మేలు. పైగా ఇంటింటి సర్వేలో వలస వెళ్లినవాళ్లు, హాస్టళ్లలో, జైళ్లలో ఉన్నవాళ్లు, ఇల్లు లేనివాళ్లు దొరకరు. ముప్పు ఎక్కువగా ఉండేది వాళ్లకే.

సున్నితమైన ప్రశ్నలు చివరికి పెట్టండి, అడిగే గదిలో అత్తగారో భర్తో ఉంటే ఆపేసి ఇంకో రోజు రండి. వీలైతే హెడ్‌ఫోన్‌లో ప్రశ్న వినిపించి, జవాబును వాళ్లే తెర మీద తాకేలా చేయండి. ముందుగా 15, 20 మందితో ప్రయత్నించి చూడండి, ఏ ప్రశ్న దగ్గర తడబడుతున్నారో, ఎక్కడ నవ్వి తప్పించుకుంటున్నారో పక్కన రాసుకోండి. రక్తం లేదా నమూనా తీసుకునేట్టయితే, పాజిటివ్ వచ్చినవాళ్లను ఏ కేంద్రానికి, ఎవరి ద్వారా, ఎన్ని రోజుల్లో పంపుతారో కాగితం మీద ఖరారయ్యేదాకా ఒక్క నమూనా కూడా తీయకండి.